నీళ్ళ కింద రెండో రాయి

అద్దంలో వెండెల్ కనిపిస్తున్నాడు. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ట్రక్కు వెనక ట్రెయిలర్, ట్రెయిలర్ మీద పడవ, పడవ నడిమి బల్ల మీద పసుపుపచ్చ వానకోటు వేసుకుని, టోపీ కళ్ళ దాకా లాక్కుని, ఊరేగింపులో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు నా మొగుడు. ఇంటి దగ్గర ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. మైలున్నర దూరం, పోస్టాఫీసు ముందు నుంచి, శనివారం పొద్దున డోనట్ల కొట్టు దగ్గర వరుసలో నిలబడ్డ జనం ముందు నుంచి అలాగే వచ్చాడు. పడవలో మనిషిని పెట్టుకుని రోడ్డు మీద లాక్కెళ్ళకూడదని చట్టం ఉందని చెప్పాను. అయితే మెల్లగా నడుపు అన్నాడు. గంటకి పది మైళ్ళు దాటలేదు నేను. వేగంగా పోతే పడతాడని భయం, పడితే పడనీ అని కోపం, రెండూ ఒకే కాల్లో ఉంటే బ్రేకు తొక్కడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. కొట్టు ముందు ఎవరో చెయ్యి ఊపారు. అతనూ ఊపాడు, ఎడమ చెయ్యి. పోయిన జూన్ నుంచి అన్నిటికీ ఎడమ చెయ్యే.

నీళ్ళు ఇంకా రాలేదు. ర్యాంపు కాంక్రీటు అయిపోయిన చోట బురద, బురదలో ఎవరిదో పాత టైరు, దాని మీద ఒక కొంగ. పోటు సగానికి ఎక్కితే తప్ప ఇక్కడ పడవ దింపలేం, అంటే ఇంకో గంట. గంట సేపు ఇక్కడ కూర్చుని నేనేం చెయ్యాలి? ఎదురుగా డాష్‌బోర్డు మీద ఆ కార్డు ఉంది, దాన్ని చూస్తూ కూర్చోవాలి. పచ్చ కార్డు, దాని మీద నా పేరు, ఆర్లీన్, లంగరు చోటు నంబరు ఇరవై రెండు, కింద రెండు గళ్ళు. ఈ ఏడాది పడవని లంగరు చోటులో ఉంచుతున్నారా, అవును, కాదు. పోయిన వేసవి అంతా ఆ చోటు ఖాళీగా పడి ఉంది, ఎందుకంటే పడవ కట్టాల్సిన మనిషి ఆసుపత్రిలో పక్షవాతంతో మూతి వంకర పోయి పడుకుని ఉన్నాడు. రెండో ఏడాది కూడా ఖాళీగా ఉంటే వరుసలో తరువాతి వాళ్ళకి ఇచ్చేస్తారు. ట్రెయిలర్ మీద బతికే పడవకి నీళ్ళలో చోటెందుకని రూలు. వరుసలో తరువాతి వాడు ఎవరో కూడా నాకు తెలుసు, కొండ మీద అద్దాల ఇల్లు కట్టుకుని జులై ఆగస్టుల్లో వచ్చి పోయే పెద్దమనిషి. తొమ్మిదేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. కాచుకోనీ, నేను యాభై రెండేళ్ళ నుంచీ ఇక్కడున్నాను. ఇవాళ గొలుసులు చూడ్డానికి ఈతగాడు నీళ్ళలోకి దిగుతాడట, ఆ లోపల కార్డు ఇచ్చెయ్యాలట. ఈ మేన్ రాష్ట్రం తీరం మొత్తం మీద ఇంకెవరికీ ఏ తొందరా లేదు, నాకే ఉంది.

అదిగో నీళ్ళ మీద తేలే నా తెల్ల బంతి, లంగరు చోటుకి గుర్తు. మిగతా బంతుల మధ్యన, రేవు చూసుకునే డ్వైట్ ఆకుపచ్చ పడవ పక్కన, ఖాళీగా ఊగుతోంది. దాని కింద గొలుసు, గొలుసు కింద రాయి, మా నాన్న వేసిన రాయి. ఆ రోజు కూడా ఇలాగే పోటు కోసం కూర్చున్నాం, సరిగ్గా ఇక్కడే, అప్పుడు ఈ కాంక్రీటు లేదు, ఉత్త గులకరాళ్ళు. నాకు పదకొండేళ్ళు. క్వారీలో పనికిరాదని పారేసిన గ్రానైటు రాయి, రెండు టన్నుల బరువు, దాన్ని ఎవరెత్తుతారని అడిగితే నాన్న నీళ్ళ వంక చూపించాడు. నీళ్ళు లేనప్పుడు బురద మీద రాతికి మోకులు చుట్టి, పైన రెండు పడవల మధ్య దుంగలు వేసి కట్టేశాడు. పోటు వచ్చి పడవల్ని లేపింది, పడవలు రాయిని లేపాయి, మనిషి చెయ్యి పెట్టిన పనే లేదు. పోటు రాకముందే ఆయన గొలుసుని రాతి కడియానికి కొక్కెంతో బిగించాడు, ఆ కొక్కెం మేకు ఊడకుండా తీగ చుట్టాలి, తీగ తెమ్మని నన్ను ట్రక్కు దగ్గరికి పంపించాడు. తెచ్చాను. ఈలోగా ఎవరో వచ్చి మాటల్లో పెట్టారు, నీళ్ళు ఎక్కుతున్నాయి, నాన్నకి తొందర, ఎక్కు ఎక్కు అన్నాడు. చోటు దగ్గరికి లాక్కెళ్ళి గొడ్డలితో మోకులు నరికాడు. రాయి మునిగింది. గొలుసు పరుగెత్తింది, ఆగింది, లాగి చూస్తే బరువు లేకుండా పైకొచ్చేసింది, చివర ఏమీ లేదు. నాన్న ఆ గొలుసు కొసని చూశాడు, తరువాత నా చేతిలో ఉన్న తీగ చుట్టని చూశాడు. దారంతా ఆ తీగని చేతిలో పట్టుకునే కూర్చున్నాను నేను, పెద్దాయనకి తెలియదా అనుకుని నోరెత్తలేదు. ఎవరికీ చెప్పకు అన్నాడు. అంతే, నాన్న నాతో రహస్యం చెప్పుకోవడం జీవితంలో అదొక్కసారే. రెండు రోజుల తరువాత ఇంకో రాయి వేశాడు, మొదటిది పగిలిపోయిందని ఊళ్ళో చెప్పాడు. పోయేముందు ఇల్లూ, పెద్ద పడవా, బోనులూ తమ్ముడు రస్సెల్‌కి రాసి, ఈ చోటు మాత్రం నాకిచ్చాడు. ఆడదానికి రేవులో చోటెందుకని రస్సెల్ రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఎందుకిచ్చాడో నాకు తెలుసు. నోరు మూసుకున్నందుకు జీతం అది.

నోరు మూసుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. స్కూలు వంటగదిలో ముప్పై ఏళ్ళు నోరు మూసుకుని బీన్స్ వండాను. ఇప్పుడు ఈ నాలుగు రోజులుగా మూసుకుంటున్నాను. మగవాళ్ళు చేసిన తప్పులన్నీ నా నోట్లోనే పెట్టుకుని తిరగాలని ఎక్కడ రాసుందో, ఎవరు రాశారో, కనిపిస్తే అడుగుదును.

మార్చిలో ఈ ట్రెయిలర్ తెచ్చాడు, నన్ను అడగలేదు. ఏమిటిదంటే, పడవకి చక్రాలు అన్నాడు. వెండెల్ ఈ తీరం వాడు కాదు, లోపల బంగాళాదుంపల ఊళ్ళనుంచి వచ్చిన వడ్రంగి, గాలానికి ఎర గుచ్చడం నేను నేర్పించాను. నేర్చుకున్నాక నన్ను మించిపోయాడు, ఈ పడవ కూడా తన చేత్తో చేసిందే, పద్దెనిమిది అడుగులు, ఒక్క మేకు వంకర ఉండదు. ఇరవై ఆరేళ్ళు, రోజూ పొద్దున్నే తెడ్ల పడవలో ఆ బంతి దగ్గరికి వెళ్ళి, అందులోంచి ఇందులోకి ఎక్కి, ఏ ర్యాంపు దగ్గరా ఎవరి వెనకా నిలబడకుండా వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడు ఊగే పడవలోంచి ఊగే పడవలోకి ఎక్కలేడు. సరే, దానికి ఉపాయం లేదా? నేనొక్కదాన్నీ వెళ్ళి పడవ విప్పుకుని రేవులో తేలే చెక్క పంటు దగ్గరికి తీసుకొస్తాను, పోటు మీదున్నప్పుడు నిచ్చెన వంతెన చదునుగానే ఉంటుంది, నువ్వు నా భుజం పట్టుకుని దిగు, డ్వైట్ ఒక చెయ్యి వేస్తాడు అన్నాను. ఎంత చక్కగా చెప్పాను. అతను గిన్నెలో చెంచా పెట్టేసి నా వంక చూశాడు.

"రేవులో అందరూ చూస్తుండగా చేపల బుట్టలాగా దింపుతారా నన్ను?"

ఆ మాట తరువాత రెండు వారాలు షెడ్డు వెనక సుత్తి చప్పుడు. వెళ్ళి చూస్తే మెట్లు. ట్రెయిలర్ పక్కన అయిదు మెట్లు, పక్కన కమ్మీ, ఒక పక్కే, ఎడమ పక్క. దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగుతాడు, అప్పుడూ అదే కమ్మీ ఎడమ చేతికే వస్తుంది. ఒంటి చేత్తో చేశాడు అదంతా, రంపం పట్టేటప్పుడు కర్రని మోకాలితో అదిమిపెట్టి. నాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు, కోపం వచ్చింది, దాన్నే ఉంచుకున్నాను. అర్థమైంది నాకు. ఎవరూ చూడని చోట, షెడ్డు వెనక, తన మెట్లు తను ఎక్కి పడవలో కూర్చుంటాడు, ఇక రేవు దాకా, నీళ్ళ దాకా, అవతల దీవుల దాకా ఎవరూ అతన్ని మోసినట్టు ఉండదు. అతని పరువు అతనికి దక్కుతుంది. మరి నా పరువో? ర్యాంపు దగ్గర సెలవులకొచ్చిన వాళ్ళ వెనక వరుసలో నిలబడే నా పరువు సంగతేమిటి? నువ్వు చోటు ఉంచుకో, నా కోసం వదలకు, నేను ఒడ్డున కూర్చుని చూస్తాను అన్నాడు ఏప్రిల్‌లో. అది ఇంకా పెద్ద తప్పు. ఒడ్డున కూర్చుని చూస్తాడట, నేను నీళ్ళ మీద హాయిగా కానాగంతలు పట్టుకుంటానట.

అసలు సంగతి ఇదేదీ కాదు, ఊరికే చుట్టూ తిరుగుతున్నాను. అసలు సంగతి బూట్లు. మంగళవారం స్కూలు నుంచి వచ్చేసరికి బాయిలర్ గదిలో అతని బూట్లు, లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి. తడిసిన బూట్లకే కదా పేపర్లు కుక్కుతారు. బాయిలర్ వెనక ప్యాంటు ఆరేసి ఉంది, జేబులో ఇసుక. వాన లేదు ఆ రోజు. నడుం దాకా కాదు, మెడ దాకా తడిశాడు, చొక్కా కాలర్లో సముద్రపు నాచు. వంటింట్లో కూర్చుని రేడియో వింటున్నాడు, ఏం చేశావు ఇవాళ అంటే ఏముంది, కూర్చున్నాను అన్నాడు. ఒక్క మాటైనా. ఆ నీళ్ళలో అర గంట ఉంటే గట్టివాడైనా పోతాడు. వెండెల్‌కి సరిగ్గా పనిచేసేది ఒక్క కాలే. నేను లేని సమయం చూసి, కర్ర పట్టుకుని మైలున్నర నడిచి రేవుకి వెళ్ళాడు, నీళ్ళలో పడ్డాడు. పడ్డాడా? ఈ ప్రశ్న మంగళవారం నుంచి నా గొంతులో ఉంది. కాలు జారిందా, లేక జారనిచ్చాడా? పోయిన ఆగస్టులో ఒకసారి అన్నాడు, ఆ పూటే అయిపోయుంటే నీకు సుఖంగా ఉండేదని. అప్పుడు చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టాను. మళ్ళీ అనలేదు. అనకపోతే అనుకోవడం లేదని ఎలా తెలుస్తుంది? అతని పక్కన పడుకుని ఊపిరి లెక్కపెడుతున్నాను నాలుగు రోజులుగా. అడిగితే నిజం చెప్తాడేమోనని అడగడం లేదు. నాకు వెండెల్ మీద ఎంత కోపమంటే, ఇప్పుడే దిగి వెళ్ళి, ఆ పసుపు కోటు పట్టుకుని ఊపెయ్యాలని ఉంది, నన్ను వదిలిపోదామనుకున్నావా అని.

అద్దంలో చూస్తే అతను టోపీ పైకెత్తి కొంగని చూస్తున్నాడు. టైరు మునుగుతోంది. కొంగ ఒక అడుగు వెనక్కి జరిగింది. నీళ్ళు కాంక్రీటు అంచుని నాకుతున్నాయి.

డ్వైట్ వచ్చి కిటికీ అంచు మీద మోచెయ్యి పెట్టాడు. రేవు అధికారి, టోపీ మీద అదే రాసి ఉంటుంది, నా స్నేహితురాలి కొడుకు, వాడికి పాలసీసా పట్టిన చేతులు ఇవి. పడవలో మనిషిని తీసుకొచ్చినందుకు ఏదో అనాలని నోరు తెరిచాడు, నా మొహం చూసి మూసేశాడు. వెనక్కి చూసి వెండెల్‌కి చెయ్యెత్తి, బాబాయ్, పడవలో కాఫీ కూడా దొరుకుతుందా అని అడిగాడు. నీకు దొరకదు అన్నాడు వెండెల్. తరువాత వాడు కార్డు వంక చూశాడు.

"పిన్నీ, నేను తొందరపెట్టడం లేదు. ఈతగాడు పదకొండున్నరకి దిగుతానంటున్నాడు."

"ఆ రాయి ఏం చేస్తారు?"

"రాయి అక్కడే ఉంటుంది, బురదలో కూరుకుపోయింది కదా. గొలుసు మారుస్తారు. మీకు కావాలంటే బంతి తెచ్చిస్తాను."

బంతి తెచ్చి నేనేం చేసుకోవాలి, తోటలో పెట్టుకోనా? మా నాన్న రాతికి కొండ మీది పెద్దమనిషి పడవ కడతాడు, తెల్ల తెరచాప, ఇత్తడి మేకులు, ఏడాదికి ఆరుసార్లు విప్పుతాడు. కడుపు మండిపోయింది. ఆ మంటలోనే పెన్ను తీశాను. అవును అనే గడి మీద చెయ్యి ఆగింది, చాలాసేపే ఆగింది, డ్వైట్ మర్యాదగా అటు తిరిగాడు. అద్దంలో పసుపు కోటు. ఒడ్డున కూర్చుని చూసే మనిషి ఏదో ఒక రోజు చూడటం చాలించుకుంటాడు. పడవలో కూర్చున్న మనిషికి గాలం ఉంటుంది, మర్నాడు పోటు ఎప్పుడో చూసుకునే పనుంటుంది. ఒప్పుకుని కాదు, ఇష్టపడి కాదు, ప్రేమతో అని ఎవడైనా అంటే వాణ్ణి తంతాను, భయపడి, ఒట్టి భయంతో, కాదు అనే గడిలో గీత పెట్టాను. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాను. డ్వైట్ కార్డు తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఇక ట్రెయిలర్ని వెనక్కి తోయాలి. ట్రెయిలర్ అంత వెధవ వస్తువు ఇంకొకటి లేదు, కుడికి వెళ్ళమంటే ఎడమకి వెళ్తుంది. నా వెనక అప్పుడే ఇద్దరు, ఊరివాళ్ళు కాదు, మెరిసే పడవలతో, చేతులు కట్టుకుని చూస్తున్నారు, ముసల్ది ఎలా దింపుతుందో చూద్దామని. వెండెల్ పడవలోంచి సైగ చేస్తున్నాడు. ఎడమ చెయ్యి చాపితే ఎడమకి. కుడికి వెళ్ళాల్సినప్పుడు? కుడి చెయ్యి లేవదు. ఒకసారి స్తంభానికి జానెడు దూరంలో ఆగాను, అతని వంక చూశాను. అతను ఆలోచించి టోపీ తీసి ఎడమ చేత్తో పైకెత్తాడు. టోపీ అంటే కుడి. ఎవరూ చెప్పలేదు, నాకు అర్థమైంది, ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేస్తే ఆ మాత్రం అర్థమౌతుంది. చెయ్యి, టోపీ, చెయ్యి, టోపీ, నీళ్ళలోకి వెళ్ళాం. పడవ లేచింది. వెండెల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. డ్వైట్ తాడు పట్టుకుని నిలబడితే నేను ట్రక్కు పైన పెట్టి వచ్చి, బూట్లు తడుపుకుని ఎక్కి ఇంజను తాడు లాగాను.

రేవు దాటాలంటే నా బంతి పక్కనుంచే పోవాలి. ఇటు చూడకూడదని అటు చూశాను, డ్వైట్ ఆకుపచ్చ పడవ వైపు. దాని పక్క చెక్క మీద బురద మరకలు. ఎండిపోయి తెల్లబడ్డ బురద, అయిదు వేళ్ళు, అరచెయ్యి. దాని పైన ఇంకోటి, దాని పైన ఇంకోటి జారిపోయి కిందికి గీతలా. మూడూ ఎడమ చేతివే.

ఇంజను ఆపేశాను. పడవ దానంతటదే కాస్త దూరం పోయి నా బంతి దగ్గర ఆగింది. ఈ మరకల్లో ఉన్నది దూకిన మనిషి కాదు. ఎక్కాలని చూసిన మనిషి. మూడుసార్లు చూసిన మనిషి. నాలుగు రోజులు, నాలుగు రాత్రులు నేను మోసింది ఒక్కసారి జారిపోయింది, బల్ల మీద కూలబడ్డాను. కూర్చున్న మరుక్షణం మళ్ళీ కోపం వచ్చింది, ఇంకా ఎక్కువ.

"మంగళవారం ఇక్కడ ఎక్కబోయావు," అన్నాను.

అతను మరకల వంక చూశాడు. "ఎక్కలేకపోయాను," అన్నాడు. మా పడవ నీళ్ళలో లేదని, బురదలోంచి తెడ్ల పడవ తోసుకుని ఒంటి తెడ్డుతో ఇక్కడికొచ్చి డ్వైట్ పడవ మీద ప్రయత్నించాడట. కాలు పెడుతుంటే తెడ్ల పడవ జరిగిపోయిందట, దాని అంచు పట్టుకుని కాళ్ళాడించుకుంటూ బురద తగిలేదాకా వచ్చాడట. ఎవరూ చూడలేదట. ఆ చివరి మాట కాస్త గర్వంగానే చెప్పాడు.

"ఎందుకు చేశావు?"

"ఎక్కగలిగితే నీ చోటు నీకుంటుంది కదా అని."

"నేను వేరే అనుకున్నాను. ఆ బూట్లు చూసి వేరే అనుకున్నాను వెండెల్."

ఏమనుకున్నానో అతనికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక వంకర మూతి ఇంకా వంకర పోయింది. కాదు, ఆర్లీన్, అన్నాడు, అది కాదు. మళ్ళీ అన్నాడు. నా మోకాలి మీద ఎడమ చెయ్యి పెట్టాడు, తోసేశాను, మళ్ళీ పెట్టాడు, ఉండనిచ్చాను. చోటు వదిలేశానని చెప్పాను, ఇప్పుడే, కిటికీ దగ్గర. అతను తల దించుకున్నాడు. వెనక్కి వెళ్ళి డ్వైట్‌ని అడుగుదాం అన్నాడు. ఇచ్చిన కార్డు వెనక్కి అడిగే వంశం కాదు మాది అన్నాను. అన్నాక, ఇక ఎవరి కోసం దాచాలి, ఎంత కాలం దాచాలి అని, యాభై రెండేళ్ళ నాటి ఆ తీగ సంగతి కూడా చెప్పేశాను. కింద ఒక రాయి కాదు, రెండున్నాయని. మొదటిది గొలుసు లేకుండా దాని పక్కనే ఎక్కడో పడి ఉందని, మా నాన్న కొక్కేనికి తీగ చుట్టడం మర్చిపోయాడని, ఆ తీగ నా చేతిలోనే ఉందని.

వెండెల్ నవ్వాడు. పోయిన జూన్ తరువాత అతను నవ్వగా వినడం ఇదే, సగం మొహంతోనే నవ్వాడు, పడవంతా కదిలింది. అంత ఘనుడు మీ నాన్న, ఎప్పుడూ నేను వేసిన తాడు ముడులకి వంకలు పెట్టేవాడు, అన్నాడు. కళ్ళు తుడుచుకుని, బంతి వంక, చుట్టూ నీళ్ళ వంక చూశాడు.

"కార్డులో ఎన్ని రాళ్ళని రాశారు?"

"ఒకటే."

"అయితే రెండోది నీదే."

కోపం తగ్గిందని చెప్పను. ఆ అద్దాల ఇంటాయన పడవ ఇక్కడ ఊగిన ప్రతిసారీ వస్తుంది, వెండెల్ బూట్లు చూసిన ప్రతిసారీ వస్తుంది, రానీ. గాలాల డబ్బా తెరిచి, నాది నేను విప్పుకుని, అతనిది అతనికిచ్చాను. ఎర తనే గుచ్చుకున్నాడు, గాలం కర్రని మోకాళ్ళ మధ్య బిగించి, ఒంటి చేత్తో, చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు. ఎటు వెయ్యమంటావు అని అడిగాడు. బంతికి నాలుగు బారల అవతల, మా నాన్న మోకులు నరికిన వైపు చూపించాను. ఇద్దరం అక్కడే వేశాం.